నవ్వని ముఖం: కెమెరా ముందు ఫ్రెడరిక్ డగ్లస్

మేము పరిశోధన కోసం తిరిగే ఒక ఊళ్లో రెండేళ్ల కిందట జరిగిన సంగతి ఇది. ఉపాధి హామీ కూలీల మీద ఏదో కథనం కోసం పట్నం నుంచి ఒక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మాదిగవాడలో మేము పెద్దమ్మా అని పిలిచే ఒకామె ఇంటికి ఆయన్ని తీసుకెళ్లాం. ఫొటో అనగానే పెద్దమ్మ లోపలికి వెళ్లింది. తలకు నూనె రాసుకుని దువ్వుకుని, మనవడి పెళ్లికి కట్టిన చీర కట్టుకుని వచ్చి, కుర్చీ వేయమంది. ఆయన వద్దన్నాడు. ఇందాకటి పాత చీరే కట్టుకోమన్నాడు. కుర్చీ తీసేసి పొయ్యి దగ్గర కూర్చోమన్నాడు. కెమెరా వైపు చూడొద్దన్నాడు. అంతా సహజంగా ఉండాలట. ఆమె ఒప్పుకోలేదు. అయితే ఫొటోనే వద్దు పో నాయనా అని లోపలికెళ్లి, ఆ చీర మడతపెట్టి దాచుకుని, పాత చీరలో వచ్చి వాకిలి ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు తీశాడు ఫొటో. పదిహేను రోజులకు అచ్చయింది. వంగిన వీపు, చీపురు, దుమ్ము. ముఖం లేదు. కింద పేరూ లేదు.

ఆ ఫొటో చాలా బాగుందని మాతో చాలామంది అన్నారు. ఎక్కడా నటన లేదని మెచ్చుకున్నారు. మేమేం మాట్లాడలేకపోయాం. ఎందుకంటే కూర్చోబెట్టి తీసిన ఫొటో అబద్ధమనీ, అనుకోకుండా చిక్కిన ఫొటోనే నిజమనీ అప్పటిదాకా మేమూ నమ్మేవాళ్లం. ఆ నమ్మకాన్ని కదిలించినవాడు 130 ఏళ్ల కిందట చనిపోయిన ఒక నల్లజాతి మనిషి, ఫ్రెడరిక్ డగ్లస్.

డగ్లస్‌ని బానిసత్వం నుంచి తప్పించుకున్న వక్తగా, ఆత్మకథ రాసినవాడిగా మన పాఠకులకు కొంత తెలుసు. 19వ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువసార్లు ఫొటో తీయించుకున్నది ఆయనేనన్న సంగతి తెలిసింది మాత్రం ఈమధ్యే. ముగ్గురు పరిశోధకులు దేశమంతా గాలించి 160 వేర్వేరు ఫొటోలు దొరికాయని 2015లో పుస్తకంగా తెచ్చారు. వాళ్ల లెక్కలో అబ్రహాం లింకన్ ఫొటోలు 126. దేశాధ్యక్షుడి కంటే ఒకప్పటి బానిస కెమెరా ముందు ఎక్కువసార్లు కూర్చున్నాడన్నమాట. ఆ ఫొటోల్లో అనుకోకుండా తీసినవి దాదాపు లేవు. అన్నీ సిద్ధమై కూర్చున్నవే. నవ్వు కూడా దాదాపు ఎక్కడా కనిపించదు.

1818లో మేరీలాండ్ రాష్ట్రంలోని టాల్బట్ కౌంటీలో పుట్టాడు. అప్పటి పేరు ఫ్రెడరిక్ బెయిలీ. పుట్టిన తేదీ తెలియదు. గొడ్డుకీ గోదకీ లెక్కలు రాసుకున్నట్టు యజమానులు బానిసల లెక్కలు రాసుకునేవాళ్లు గానీ పుట్టినరోజులు ఎవరికి కావాలి? తండ్రి తెల్లవాడని చెప్పుకునేవాళ్లు, యజమానే కావచ్చని కూడా గుసగుసలుండేవి. తల్లి హ్యారియట్ బెయిలీ 12 మైళ్ల దూరంలో మరో పొలంలో పనిచేసేది. పగలంతా చాకిరీ చేసి, రాత్రి నడిచొచ్చి, బిడ్డ పక్కన కాసేపు పడుకుని, తెల్లారకముందే మళ్లీ నడిచి వెళ్లిపోయేది. అలా వచ్చింది కూడా నాలుగైదుసార్లే. అతనికి ఏడేళ్లప్పుడు చనిపోయింది.

తల్లిని చీకట్లోనే చూశాడు. ఆమె ఫొటో లేదు, ఉండే అవకాశమూ లేదు. పెద్దయ్యాక ప్రిచర్డ్ అనే ఇంగ్లీషు పండితుడు మానవజాతుల మీద రాసిన పుస్తకం చదువుతుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. అది ఒక ఈజిప్టు రాజు శిల్పం బొమ్మ. ఆ ముఖంలో అమ్మ పోలిక కనిపించింది. 1855లో వచ్చిన రెండో ఆత్మకథలో ఆ పేజీ నంబరుతో సహా రాసుకున్నాడు. జాతుల్ని వర్గీకరించడానికి ఎవరో అచ్చువేసిన పుస్తకంలో తల్లిని వెతుక్కోవాల్సి వచ్చినవాడికి ఫొటో అంటే ఏమిటో మనం ఊహించగలం.

ఎనిమిదేళ్ల వయసులో అతన్ని బాల్టిమోర్‌లో హ్యూ ఆల్డ్ ఇంటికి పంపారు. యజమానురాలు సోఫియా అక్షరాలు మొదలుపెట్టింది. భర్త ఆపించాడు. బానిసకు చదువొస్తే ఇక బానిసగా ఉండడని భార్యకు వివరించాడు. ఆ మాట పిల్లవాడి చెవిన పడింది. దారి ఎటో అప్పుడే అర్థమైంది. వీధిలో తెల్ల పిల్లలకు రొట్టెముక్కలిచ్చి అక్షరాలు కొనుక్కున్నాడు. 16 ఏళ్లప్పుడు, పొగరు అణచమని అతన్ని కోవీ అనే రైతుకి అప్పగించారు. నెలల తరబడి కొరడా దెబ్బలు తిని, ఒకరోజు తిరగబడి కోవీతో కలబడ్డాడు. మళ్లీ అతని మీద చేయి పడలేదు.

1838 సెప్టెంబర్ 3న పారిపోయాడు. ఎర్ర చొక్కా, మెడకు నల్లగుడ్డ, నావికుల టోపీ. వేషం పూర్తిగా ఓడ మనిషిది. దానికి డబ్బు సమకూర్చింది అన్నా మర్రే. బానిస కాని నల్లజాతి యువతి, ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన సొమ్ము. జేబులో స్నేహితుడి గుర్తింపు కాగితం ఉంది. అందులో రాసిన పోలికలు ఇతనికి సరిపోవు, ఆ మనిషి చాలా నలుపు. రైల్లో కండక్టర్ కాగితం మీద అచ్చువేసిన డేగ బొమ్మను చూశాడు గానీ పోలికలు చదవలేదు. ఒక్కరోజు తిరక్కుండానే న్యూయార్క్ చేరాడు. కొద్దిరోజుల్లో అన్నా వచ్చింది, పెళ్లయింది. పేరు మార్చుకుని డగ్లస్ అయ్యాడు.

సరిగ్గా మరుసటి ఏడాది, 1839 ఆగస్టులో, పారిస్‌లో డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని లోకానికి ప్రకటించారు. ఆ కాగితం మీద ఫొటో ఉండే రోజులైతే డగ్లస్ రైలు దిగేవాడు కాదని మాకు చాలాసార్లు అనిపిస్తుంది. ఆధార్ కార్డు కాలంలో బతుకుతున్నాం కదా, ఇలాంటి ఆలోచనలొస్తాయి.

1841లో నాంటకెట్ ద్వీపంలో బానిసత్వ వ్యతిరేకుల సభలో మాట్లాడాడు. అక్కడి నుంచి వక్తగా జీవితం మొదలైంది. మొదటి ఫొటో కూడా దాదాపు అప్పటిదే. అప్పటి ఫొటో అంటే వెండి పూత పూసిన రాగిరేకు. మొదట్లో నిమిషాల తరబడి, తర్వాత కొన్ని క్షణాలపాటు కదలకుండా కూర్చోవాలి. తల కదలకుండా వెనక ఇనుప ఊతం పెట్టేవాళ్లు. అనుకోకుండా తీయడమన్నది ఆ యంత్రానికి చేతకాదు. కాబట్టి కూర్చునే పద్ధతి డగ్లస్ ఒక్కడిదే కాదు, ఆ కాలపు అందరిదీ. తేడా ఎక్కడంటే, అందరూ ఆ క్షణాల్ని భరించారు. డగ్లస్ వాడుకున్నాడు. కోటు, గంజిపెట్టిన కాలరు, దువ్విన జుట్టు, బిగించిన దవడ. యవ్వనంలో తీయించుకున్న చాలా ఫొటోల్లో నేరుగా కెమెరాలోకి చూస్తాడు. బానిస యజమాని కళ్లలోకి చూడటం దెబ్బలు తినే నేరం. ఆ ఫొటో చూసే తెల్లవాడు ఇప్పుడు ఆ చూపు ముందు నిలబడాలి.

గంజి గురించి ఒక మాట. అన్నా మర్రే బట్టలు ఉతికి సంపాదించిన మనిషి, చెప్పులు కుట్టే పనిలోనూ చెయ్యి వేసింది. భర్త ఊళ్లు తిరుగుతుంటే ఐదుగురు పిల్లల్ని పెంచింది, పారిపోయి వచ్చినవాళ్లకు ఇంట్లో అన్నం పెట్టింది. చదువు రాదు. ఆమె ఫొటోలు మిగిలినవి చాలా కొద్ది. డగ్లస్ ఫొటోల్లో మెరిసే ఆ తెల్ల కాలర్ల వెనక ఆ ఇంటి ఆడమనిషి చేతులున్నాయని మేము నమ్ముతాం. ఆ 160 ఫొటోల్ని ఎంత ఇష్టంగా చూసినా ఈ లోటు మాత్రం మాకు కనబడుతూనే ఉంటుంది.

1845లో మొదటి ఆత్మకథ వచ్చింది. పేరు, ఊరు, యజమాని అన్నీ బయటపెట్టడంతో పట్టుకుపోయే ప్రమాదం వచ్చి ఐర్లండ్, బ్రిటన్ వెళ్లాడు. అక్కడి మిత్రులు చందాలు పోగేసి 1846లో అతని స్వేచ్ఛను యజమాని దగ్గర కొన్నారు. తిరిగొచ్చి 1847లో రోచెస్టర్ నుంచి ది నార్త్ స్టార్ పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రికలోనే 1849లో బొమ్మల మీద తన కోపం రాశాడు. ఇంగ్లండ్‌లో ఒక తెల్ల మిత్రుడు నల్లజాతి గొప్పవాళ్ల మీద వేసిన పుస్తకంలో డగ్లస్ బొమ్మ ఉంది. చెక్కిన చిత్రకారుడు ఆ ముఖానికి మెత్తని, సాధువైన కళ తగిలించాడు. పారిపోయి వచ్చిన బానిస ముఖం అలా ఉండదని డగ్లస్ ఎత్తిపొడిచాడు. తెల్ల చిత్రకారుల చేతిలో నల్లవాళ్లకు నిష్పాక్షికమైన బొమ్మ దక్కడం అసాధ్యమన్నాడు. శత్రువు గీస్తే కోతి, మిత్రుడు గీస్తే నవ్వే నౌకరు. నవ్వని ఫొటోల రహస్యం ఇక్కడుంది. నల్లవాడి నవ్వు అప్పటికే యజమానుల ఆస్తి అయిపోయింది. మా బానిసలు సంతోషంగా ఉన్నారని చెప్పుకోవడానికి వాళ్లు వాడిన సాక్ష్యం అదే.

1850లో జరిగిన రెండు ఫొటోల సంగతి పక్కపక్కన పెట్టి చూడాలి. మార్చిలో దక్షిణ కెరొలైనా రాష్ట్రం కొలంబియాలో జీలీ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియోకి ఏడుగురు బానిసల్ని తెచ్చారు. రెంటీ, అతని కూతురు డీలియా, మరో ఐదుగురు. హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగాసీ జాతులన్నీ ఒకే మూలం నుంచి రాలేదని రుజువు చేయాలనుకున్నాడు. అందుకోసం వాళ్ల బట్టలు విప్పించి ముందు నుంచి, పక్క నుంచి తీయించాడు. అంతకంటే జాగ్రత్తగా ఏర్పాటు చేసిన ఫొటోలు ఉండవు. సహజ స్థితి పేరుతో తీసినవీ అవే. ఆ రేకులు హార్వర్డ్ మ్యూజియం అటకమీద 1976లో బయటపడ్డాయి. రెంటీ వారసురాలినని చెప్పిన ఒక మహిళ 2019లో కోర్టుకెక్కితే, 2025లో గానీ వాటిని వదులుకోవడానికి ఆ విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు.

అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని కజనోవియాలో సభ జరిగింది. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించే చట్టం రాబోతోంది, దాన్ని ఎదిరించడానికి. జనం ఎక్కువై చర్చి చాలక ఒక తోటలోకి మారారు. అక్కడ ఎజ్రా గ్రీన్‌లీఫ్ వెల్డ్ ఆ గుంపును ఫొటో తీశాడు. బల్ల దగ్గర కూర్చుని డగ్లస్, వెనక చేయి చాచి మాట్లాడుతున్న గెరిట్ స్మిత్, గళ్ల శాలువాల్లో ఎడ్మన్సన్ అక్కచెల్లెళ్లు. ఇద్దరూ 1848లో ఓడలో పారిపోబోయి పట్టుబడి, చందాల సొమ్ముతో విడుదలైనవాళ్లు. చుట్టూ టోపీలు, బోనెట్లు, కదిలి మసకబారిన ముఖాలు. డగ్లస్ జీవితంలో అనుకోని ఫొటోకి అతి దగ్గరగా వచ్చింది ఇదేనేమో. స్టూడియో ఫొటోలో ఆయన ఒంటరి, ఇక్కడ ఉద్యమంలో మనిషి. కూర్చోబెట్టి తీసినవన్నీ గొప్పవని మేము వాదించడం లేదని చెప్పడానికే దీని దగ్గర ఆగాం. ఈ తోటలో ఎవరికీ తెలియకుండా ఎవరినీ తీయలేదు. అందరూ తాము ఎందుకొచ్చారో తెలిసి వచ్చినవాళ్లు.

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ డిసెంబర్‌లో బోస్టన్‌లో డగ్లస్ ఉపన్యాసం. యుద్ధం గురించి వినాలని వచ్చినవాళ్లకు బొమ్మల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. డాగెర్‌ని మెచ్చుకున్నాడు. యాభై ఏళ్ల కిందట రాజులకు కూడా దొరకని పోలిక ఇప్పుడు పనిమనిషి చేతికి అందుతోందన్నాడు. తనను తాను బయటినుంచి చూసుకోగలగడం మనిషికే ఉన్న శక్తి అనీ, ఉన్నదానికీ ఉండాల్సినదానికీ తేడా తెలిసేది అక్కడేననీ వివరించాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కెమెరా అబద్ధమాడదని ఆయన నమ్మకం. మరి అంత నమ్మినవాడు కెమెరా ముందు అంత సిద్ధమై ఎందుకు కూర్చున్నాడు? మేము దీని మీద చాలా రోజులు తన్నుకులాడాం. మాకు తోచింది ఇది. తయారవడం అబద్ధమని ఆయన అనుకోలేదు. బానిసగా చిరిగిన చొక్కాలో ఉన్నవాడు యజమాని తయారుచేసినవాడు. కోటు వేసుకుని కూర్చున్నవాడు తనను తాను తయారుచేసుకున్నవాడు. వీటిలో ఏది సహజమో చెప్పే అధికారం ఎవరిది?

ఆయన ఒక్కడే కాదు. సోజర్నర్ ట్రూత్ అనే ముసలావిడ, ఆమె కూడా బానిసగా పుట్టినావిడే, తెల్ల శాలువా, కళ్లద్దాలు, చేతిలో అల్లికతో ఫొటోలు తీయించుకుని, 1864లో వాటి మీద హక్కు తన పేరే రాయించుకుని, అమ్ముకుని బతికింది. 1863లో లూసియానాలో కొరడా దెబ్బలతో మచ్చలు కట్టిన వీపు చూపిస్తూ ఒక మనిషి ఫొటో వచ్చింది. లోకమంతా తిరిగింది. అది కూడా కూర్చోబెట్టి, చేయి నడుముకు పెట్టించి తీసిందే. ఆ ఫొటో బానిసత్వం మీద పోరాటానికి ఎంతో మేలు చేసింది, కాదనలేం. కానీ డగ్లస్ వీపు మీద కూడా మచ్చలున్నాయి. 160 ఫొటోల్లో ఎక్కడా ఆ వీపు మనకు చూపించలేదు.

మన వైపు అదే కాలంలో ఏం జరిగింది? 1868 నుంచి 1875 వరకు ది పీపుల్ ఆఫ్ ఇండియా పేరుతో బ్రిటిష్ ప్రభుత్వం 8 సంపుటాలు వేసింది. మనుషుల్ని కులాలుగా, తెగలుగా నిలబెట్టి తీసిన ఫొటోలు. 1876-78 కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని కాల్చేసింది. ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూళ్లయిన కుటుంబాల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తీసినాక వాళ్లకు తిండి పెట్టాడా అని అప్పట్లోనే ఎగతాళి చేశారు. వాళ్ల పేర్లు మనకు లేవు. ఆ కాలంలోనే, 1873లో, జోతిరావు ఫూలే గులాంగిరిని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

యుద్ధంలో డగ్లస్ నల్లజాతి సైనికుల్ని చేర్పించాడు, ఇద్దరు కొడుకుల్ని పంపాడు, 1863లో లింకన్‌ని కలిసి సైనికుల జీతాల్లో వివక్ష గురించి అడిగాడు. బానిసత్వం పోయింది. 1870లో హైరమ్ రెవెల్స్ అమెరికా సెనేట్‌లో మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు. ఆయన రంగుల చిత్రాన్ని ప్రాంగ్ అనే బోస్టన్ అచ్చుకర్త వేసి డగ్లస్‌కి ఒక ప్రతి పంపాడు. డగ్లస్ జవాబు మాకు చాలా ఇష్టం. నల్లవాళ్ల ఇళ్లలో గోడలకు బొమ్మలు ఎందుకుండవో చెప్పాడు. ఇన్నాళ్లూ వచ్చిన బొమ్మలన్నీ తమను కోతులుగా చూపించినవే, అలాంటివి ఎవరు తగిలించుకుంటారు? ఇది మాత్రం తగిలించుకోదగిన ముఖం అన్నాడు. మన వాడల్లో గోడమీద నీలం కోటు బాబాసాహెబ్ ఎందుకున్నాడో చెప్పమంటే మేము ఇంతకంటే బాగా చెప్పలేం. ఆ కోటూ, టై, చేతిలో పుస్తకం చూసి వెక్కిరించేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఆయన్ని ఎలా చూడాలనుకున్నారో మనకు తెలుసు.

1872లో రోచెస్టర్ ఇల్లు తగలబడి పత్రిక సంచికలెన్నో బూడిదయ్యాయి. వాషింగ్టన్‌కి మారాడు, అక్కడ కొండమీద ఇల్లు కొన్నాడు. 1882లో అన్నా చనిపోయింది. 1884లో హెలెన్ పిట్స్ అనే తెల్ల మహిళను పెళ్లాడితే రెండు వైపులా గొడవైంది. వయసు మీదపడేకొద్దీ ఫొటోల్లో చూపు పక్కకు తిరిగింది, జుట్టు తెల్లటి జూలైంది. జె. పి. బాల్, కార్నీలియస్ బాటీ వంటి నల్లజాతి ఫొటోగ్రాఫర్ల ముందు కూడా కూర్చున్నాడు. 1889 నుంచి రెండేళ్లు హైటీలో అమెరికా రాయబారి. వయొలిన్ విద్వాంసుడైన మనవడు జోసెఫ్‌తో కలిసి దిగిన ఫొటోలో తాత కూర్చుని ఉంటాడు, మనవడు వాయిద్యంతో ఉంటాడు. ఆ ఫొటో చూసినప్పుడు మాత్రం ఆ బిగించిన దవడ కొంచెం వదులైందనిపిస్తుంది.

1888లో కొడాక్ కెమెరా వచ్చింది. 25 డాలర్లు, 100 ఫొటోలు, మీట నొక్కితే చాలు. అనుకోని ఫొటో ఇక ఎవరి చేతికైనా సాధ్యమే. ఆ రోజుల్లోనే దక్షిణాదిలో నల్లవాళ్లను గుంపులు కొట్టి చంపి, చెట్లకు వేలాడదీసి ఫొటోలు తీసి అమ్ముకోవడం పెరిగింది. ఆ ఫొటోల్లో గుంపు కెమెరా వైపు చూస్తూ నిలబడుతుంది, పండక్కి దిగినట్టు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో నల్లవాళ్లకు చోటివ్వనందుకు నిరసనగా ఐడా బి. వెల్స్ ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అందులో ఈ హత్యల గురించీ ఉంది. ముందుమాట రాసింది 75 ఏళ్ల డగ్లస్.

1895 ఫిబ్రవరి 20న మహిళల సభకు వెళ్లొచ్చి, ఆ సంగతులు భార్యకు చెబుతూ కుప్పకూలి చనిపోయాడు. మర్నాడు మంచం మీద ఉన్న ఆయన్ని ఫొటో తీశారు. సిద్ధం కాకుండా డగ్లస్ దిగిన ఫొటో అది.

ఈ వ్యాసంతోపాటు పెద్దమ్మ ఫొటో వేద్దామా అని పోయిన నెల ఆమెనే అడిగాం. వేయమంది, కానీ ఆ వీపుది కాదు, కుర్చీలో కూర్చున్నది. అది ఇంకా తీయలేదు కదా అంటే, సంక్రాంతికి మనవడొస్తాడు, వాడిని పక్కన నిలబెట్టి తీయమంది. అందుకే ఇక్కడ ఆమె ఫొటో లేదు.